సీసా కంటే ముందే సంతకం

2022 నవంబరు నాటికి హైదరాబాద్ శివార్లలోని భారత్ బయోటెక్ దగ్గర ఐదు కోట్ల డోసుల కోవిడ్ టీకా, కోవాగ్జిన్, సీసాల్లో ఉండిపోయింది. కొనేవాళ్లు లేరు, గడువు మరి కొద్ది నెలల్లో తీరిపోతుంది. ఇంకో ఇరవై కోట్ల డోసులకు పైగా సరిపోయే మందు సీసాల్లోకి ఎక్కకుండానే నిల్వలో ఉంది. తయారీని ఆ ఏడాది మొదట్లోనే ఆపేశారు. అంతకు పద్దెనిమిది నెలల ముందు ఇదే మందు రెండో డోసు కోసం సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో మనుషులు తెలిసిన డాక్టరుకల్లా ఫోన్లు చేశారు. ఎక్కడా దొరకలేదు. దొరకని మందు అక్కరలేని మందైపోవడానికి ఏడాదిన్నర పట్టింది. మందు చెడిపోలేదు. చెడింది ఎక్కడో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

2020 ఏప్రిల్‌లో రాష్ట్రమంతా సూర్యాపేట పేరు విన్నది. కూరగాయల మార్కెట్ చుట్టుపక్కల మొదలైన కేసులు ఆ నెలాఖరుకు జిల్లాలో ఎనభై దాటాయి. అష్టాచెమ్మా ఆటలో కూర్చున్న ఒక్కరి నుంచి ముప్పై మందికి పైగా అంటుకుందని పోలీసులే చెప్పారు. ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి, డీజీపీ హెలికాప్టర్‌లో దిగి వీధులు చూసి వెళ్లారు. హైదరాబాద్ - విజయవాడ రహదారి మీద పగలూ రాత్రీ బస్సులు ఆగి జనం టిఫిన్లు తినే ఊరు, బారికేడ్ల వెనక ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. మందు ఎప్పుడొస్తుందన్నదే అప్పటి ఒకే ఒక్క ప్రశ్న.

సమాధానం మన దగ్గరి నుంచే వస్తుందని ఆ మే నెలలోనే తెలిసింది. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ వేరుచేసిన వైరస్ రకాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) భారత్ బయోటెక్ చేతికిచ్చింది. ఈ సంస్థ నిన్న మొన్నటిది కాదు. కృష్ణ ఎల్ల, సుచిత్ర ఎల్ల 1996లో పెట్టారు. హెపటైటిస్ బి టీకాను సామాన్యుడికి అందే ధరకు తెచ్చారు. పసిపిల్లల విరేచనాలకు రోటావాక్, టైఫాయిడ్‌కు టైప్‌బార్ వీరి చేతిలోంచే వచ్చాయి. కోవాగ్జిన్ కోసం వాళ్లు ఎన్నుకున్న పద్ధతి కూడా పాతదే, పరీక్షకు నిలిచినదే. వైరస్‌ను పెంచి, రసాయనంతో చంపి, ఆ చచ్చిన వైరస్‌కు శరీరం గట్టిగా స్పందించేలా తోడుమందు కలపడం. ఆరు మైక్రోగ్రాముల మోతాదు, ఇరవై ఎనిమిది రోజుల తేడాతో రెండు సూదులు. మామూలు ఫ్రిజ్ చాలు. మైనస్ డెబ్బై డిగ్రీల చలిపెట్టెలు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఎక్కడివి? ఆ లెక్కన చూస్తే ఇది మన పల్లెల కోసమే పుట్టిన టీకా.

తొందర తొలిసారి బయటపడింది 2020 జులై 2న. ఐసీఎంఆర్ అధిపతి బలరాం భార్గవ పన్నెండు ఆసుపత్రులకు ఒక లేఖ రాశారు. హైదరాబాద్ నిమ్స్, విశాఖ కేజీహెచ్ అందులో ఉన్నాయి. ప్రయోగాలన్నీ ముగించి ఆగస్టు 15కల్లా టీకా ప్రజలకు అందాలన్నది ఆ లేఖ సారాంశం. అప్పటికి తొలి దశలో ఒక్కరికి కూడా సూది పడలేదు. ఆరు వారాల్లో మూడు దశలు ఎలా ముగుస్తాయో లేఖ రాసినవారికే తెలియాలి. శాస్త్రవేత్తలు మండిపడ్డారు, భారతీయ శాస్త్ర అకాడమీ అది జరిగే పని కాదని తేల్చింది. లేఖను మెల్లగా సర్దుకున్నారు. కానీ జెండా పండుగనాటికి టీకా అన్న మాట జనం చెవిన పడిపోయింది. ఈ మందు వెనక డాక్టర్ల క్యాలెండర్ కాకుండా ఇంకేదో క్యాలెండర్ నడుస్తోందన్న అనుమానానికి అది తొలి విత్తు.

లోపల మాత్రం పని పద్ధతిగానే సాగింది. మొదటి దశలో 375 మంది, రెండో దశలో 380 మంది. చెప్పుకోదగ్గ ప్రమాదం కనపడలేదు, రక్తంలో ప్రతిరక్షకాలు బాగానే పుట్టాయి. నవంబరులో మూడో దశ మొదలైంది. 25 కేంద్రాలు, 25,800 మంది. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తి సూది. ఎవరికేది పడిందో పొడిచేవాళ్లకూ తెలియదు, పొడిపించుకునేవాళ్లకూ తెలియదు. ఆ తర్వాత చేయాల్సిందల్లా ఎదురుచూడటమే. వాళ్లలో కొందరికి జబ్బు రావాలి, వచ్చినవాళ్లు ఏ వైపు ఎక్కువో లెక్కపెట్టాలి. టీకా పనిచేస్తుందో లేదో చెప్పే దారి ప్రపంచంలో ఎవరికైనా ఇదే.

నవంబరు 28న ప్రధాని మోదీ భారత్ బయోటెక్ ఉన్న జీనోమ్ వ్యాలీకి వచ్చి ల్యాబ్ చూశారు. డిసెంబరులో అరవై నాలుగు దేశాల రాయబారులు వచ్చారు. ఆ రోజుల్లో తెలుగు పత్రికలు చూసినవారికి గుర్తుండే ఉంటుంది, మన హైదరాబాద్ ప్రపంచానికి ప్రాణం పోయబోతోందన్న రాతలు. అది ఉత్త గొప్ప కాదు. కోవాగ్జిన్ శిఖరం ఆ నెలే.

ఆ తర్వాతి మూడు రోజులను నిదానంగా చూడాలి. 2021 జనవరి 1న ఔషధ నియంత్రణ సంస్థ నిపుణుల కమిటీ కూర్చుంది. కోవాగ్జిన్ కాగితాలు చూసి, వాలంటీర్ల నమోదు త్వరగా ముగించండి, మధ్యంతర ఫలితాలు తీసి చూపండి, అప్పుడు ఆలోచిద్దాం అంది. అదే సరైన మాట. మరుసటి రోజు అదే కమిటీ మళ్లీ కూర్చుని అనుమతికి సిఫారసు చేసింది. ప్రజాప్రయోజనం దృష్ట్యా, మిక్కిలి ముందుజాగ్రత్తగా, క్లినికల్ ట్రయల్ పద్ధతిలో, ముఖ్యంగా రూపం మార్చుకున్న వైరస్‌లు వస్తే పనికొస్తుందని. మధ్యలో గడిచింది ఒక రాత్రి. ఆ రాత్రిలో కొత్తగా జబ్బుపడినవారి లెక్క ఏదీ బయటికి రాలేదు. మూడో తేదీన ఔషధ నియంత్రణాధికారి వీజీ సోమాని అనుమతి ప్రకటించారు. అప్పటికి మూడో దశలో ఇరవై రెండున్నర వేల మందికి సూది పడింది, ఇంకా మనుషులను చేర్చుకుంటూనే ఉన్నారు. టీకాలు నూటికి నూట పది శాతం సురక్షితమని సోమాని అన్నారు.

మిర్యాలగూడ మిల్లు దగ్గరికి ధాన్యం ట్రాక్టర్ వస్తే ముందు తేమ చూస్తారు, తర్వాతే కాంటా. గింజ బంగారంలాంటిదైనా సరే, తేమ చూడకుండా బిల్లు రాస్తే ఆ గింజ మీదే అనుమానం. కోవాగ్జిన్‌కు జరిగింది అదే.

అనుమతిని తప్పుపట్టడం ఇవాళ తేలిక. అప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నవారి ముందున్న బేరం మాత్రం నిజంగానే కష్టమైనది. ఆగితే, ఆగిన ప్రతి వారం ఎక్కడో కొందరు చనిపోతారు. ఆగకపోతే, పనిచేయని మందును కోట్లమందికి పొడిచే ప్రమాదం. చంపిన వైరస్ టీకాల చరిత్ర అంతా తెలిసినదే కాబట్టి భద్రత విషయంలో ధైర్యం చేయొచ్చు, సామర్థ్యం సంగతి తర్వాత తేలుతుంది అని ఎవరైనా వాదిస్తే అది పిచ్చివాదన కాదు. అమెరికా 1976లో ఇలాంటి బేరంలోనే దెబ్బతింది. పంది జ్వరం మహమ్మారి వస్తోందని నాలుగు కోట్ల మందికి పైగా టీకాలు వేశారు. మహమ్మారి రాలేదు. టీకా వేసుకున్నవారిలో కొన్ని వందల మందికి నరాల పక్షవాతం వచ్చింది. ఆ డిసెంబరులోనే కార్యక్రమం మూతపడింది. తొందర వల్ల లాభమెంతో తేలాలంటే ముందు జబ్బు ఏ స్థాయిలో ఉందో చూడాలి. 2021 జనవరిలో దేశంలో కేసులు రోజుకు ఇరవై వేల లోపుకు వచ్చి, ఇంకా దిగుతున్నాయి. రెండో టీకా కోవిషీల్డ్ అప్పటికే చేతిలో ఉంది. ఆ రెండు నెలల్లో దేశంలో పడిన సూదుల్లో ఎక్కువ భాగం అదే. అంటే కోవాగ్జిన్ అనుమతిని ఎనిమిది వారాలు ముందుకు జరపడం వల్ల నిలబడిన ప్రాణాలు చాలా తక్కువ. పోయింది ఎంతో తర్వాత తెలిసింది.

జనవరి 4న కృష్ణ ఎల్ల విలేకరుల ముందుకు వచ్చారు. గొంతులో కోపం, బాధ రెండూ ఉన్నాయి. మేం రెండు వందల శాతం నిజాయతీగా ప్రయోగాలు చేస్తాం, మాకు అనుభవం లేదనకండి, ఇంత నింద మాకు తగదు అన్నారు. మరో టీకా కంపెనీ అధిపతి మిగతా టీకాలు నీళ్లంత సురక్షితం అని ఎద్దేవా చేయడం ఆయనను బాగా గుచ్చింది. ఎయిమ్స్ అధిపతి రణదీప్ గులేరియా అప్పటికే దీన్ని బ్యాకప్ అనేశారు. తన బిడ్డను పరీక్ష పూర్తికాకుండానే పాసు చేశారు కాబట్టి, ఫెయిలై ఉంటుందని లోకం అనుకుంటోంది. ఆ తండ్రి ఏమని చెప్పుకుంటాడు? పరీక్ష జరుగుతోంది, ఫలితం రెండు నెలల్లో చెబుతా అనొచ్చు. అనుమతి ఇచ్చేశాక ఆ మాట అనే వీలే లేకుండా పోయింది.

వింతేమిటంటే, ఆ నెలలో అందరికంటే నిజం చెప్పింది ఒక కాగితం. జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు కోవాగ్జిన్ కేంద్రాల్లో మాత్రం సమ్మతిపత్రం మీద సంతకం పెట్టించుకున్నారు. టీకా సామర్థ్యం ఇంకా నిర్ధారణ కాలేదు, మూడో దశలో పరిశీలిస్తున్నారు అని అందులో ఉంది. పెద్దల నోట నూట పది శాతం, కాగితం మీద ఇంకా తేలలేదు. చదవగలిగినవాళ్లు చదివారు. ఢిల్లీలోని రాంమనోహర్ లోహియా ఆసుపత్రి రెసిడెంట్ డాక్టర్లు మొదటి రోజే మాకు కోవిషీల్డ్ ఇవ్వండని లేఖ రాశారు. ఫలితాలు వచ్చేదాకా మా రాష్ట్రానికి పంపవద్దని ఛత్తీస్‌గఢ్ ఆరోగ్యమంత్రి కేంద్రానికి రాశారు. భోపాల్‌లో ఏడు వందల యాభై రూపాయలిస్తామంటే వెళ్లాం, అది ప్రయోగమని తెలియదు అని గ్యాస్ బాధితుల బస్తీల వాళ్లు చెప్పిన మాటలు పత్రికల్లో వచ్చాయి.

సంతకం కాగితమంటే మా వైపు వాళ్లకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 2009లో పక్క ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు పద్నాలుగు వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ సంతకాలు చాలాచోట్ల తల్లిదండ్రులవి కావు, హాస్టల్ వార్డెన్లవి, హెడ్మాస్టర్లవి. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని కడిగేసింది. కోదాడ నుంచి ఖమ్మం గంట ప్రయాణం. మందు మంచిదే అయినా అడిగే తీరు చెడితే ఏమవుతుందో మన పొరుగునే ఒకసారి జరిగి ఉంది. ఢిల్లీకి అది గుర్తులేదు.

2021 ఫిబ్రవరి 28 నుంచి సూర్యాపేట పక్కనే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర. రెండేళ్లకోసారి వచ్చే లింగమంతుల స్వామి జాతర కాబట్టి లక్షల మంది గట్టెక్కారు. డోలు చప్పుళ్లు, ఓ లింగా కేకలు, మూతికి మాస్కు కట్టినవాళ్లు తక్కువ. జబ్బు పోయిందనే అందరూ అనుకుంటున్నారు. ఆ జాతర రోజుల్లోనే రెండు సంగతులు జరిగాయి. మార్చి 1న అరవై ఏళ్లు దాటినవారికి టీకాలు మొదలై, ఢిల్లీ ఎయిమ్స్‌లో ప్రధాని కోవాగ్జిన్ వేసుకున్నారు. మార్చి 3న మధ్యంతర ఫలితం వచ్చింది. జబ్బుపడినవారు నలభై ముగ్గురు, వారిలో ఉత్తుత్తి సూది వేసుకున్నవారు ముప్పై ఆరు, అసలు టీకా పడినవారు ఏడుగురు. సామర్థ్యం 81 శాతం.

జనవరి మొదటి వారంలో ఈ అంకె చేతిలో ఉండి ఉంటే కోవాగ్జిన్ కథే వేరు. జనవరిలో అడిగినదాన్ని మార్చిలో చూపిస్తే అది సంజాయిషీలాగే వినపడింది. ఆశా కార్యకర్తలు గడప గడపకూ తిరిగినప్పుడు ఎదురైన మాటలు ఇలా ఉండేవి.

"ఏది బిడ్డా, ఆ పరీచ్చ పాసు గాని సూదేనా?"

"పాసైంది పెద్దమ్మా. మన హైద్రాబాద్‌ల జేసిందే."

"పాసైతే సంతకమెందుకు బెట్టమంటున్నరు మరి?"

ఇంకో చిక్కు సీసాతోనే. తొలినాళ్లలో కోవాగ్జిన్ ఒక్కో సీసాలో ఇరవై డోసులు. మూత తీశాక కొద్ది గంటల్లో అయిపోవాలి. పది మందే వస్తే మిగతా పదీ పారబోయాలి, లేదా ఇరవై మంది పోగయ్యేదాకా వచ్చినవాళ్లను కూర్చోబెట్టాలి. ఎండలో కాసేపు కూర్చున్న ముసలివాళ్లు మళ్లొస్తం అని లేచిపోయేవారు. నమ్మకం ఉన్నవాడు ఎదురుచూస్తాడు. అనుమానం ఉన్నవాడికి లేచిపోవడానికి ఆ మాత్రం చాలు.

మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల గ్యాలరీ కూలింది. అంత జనం కూర్చున్నారు. ఏప్రిల్‌లో మిర్యాలగూడ పక్కనే నాగార్జునసాగర్ ఉప ఎన్నిక. ఏప్రిల్ 14న హాలియాలో ముఖ్యమంత్రి కేసీఆర్ సభ, 17న పోలింగ్, 19న ముఖ్యమంత్రికే పాజిటివ్. ఆ తర్వాత ఊళ్లలో ఏం జరిగిందో రాయడానికి చేయి రాదు. కోతలైన వడ్లు రోడ్ల మీద, మిల్లుల ముందు ట్రాక్టర్లు, ఇళ్లల్లో జ్వరాలు. మే మొదటి వారంలో దేశంలో ఒక్కరోజు కేసులు నాలుగు లక్షలు దాటాయి. మే 12 నుంచి రాష్ట్రంలో లాక్‌డౌన్. అదే వారం కోదాడ దాటాక రామాపురం క్రాస్ రోడ్డు చెక్‌పోస్టు దగ్గర ఆంధ్ర నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు వెళ్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు ఆపేశారు. ఆసుపత్రిలో బెడ్ ఉన్నట్టు ముందే అనుమతి ఉంటేనే వదులుతామన్నారు. ఆక్సిజన్ మీద ఉన్న మనిషి లోపల, కాగితం చూపించమనే చేయి బయట. మే 14న హైకోర్టు ఆ ఉత్తర్వును ఆపితే గానీ దారి తెరుచుకోలేదు.

ఆ మే నెలలో అందరికీ టీకా కావాలి. అప్పుడు కోవాగ్జిన్ లేదు. నిల్వలు రాలేదని నెల మధ్యలో రాష్ట్రం రెండో డోసు ఆపేసింది. మొదటి డోసు వేసుకున్నవాళ్లు ఇరవై ఎనిమిది రోజులు దాటి, నలభై రోజులు దాటి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. కంపెనీలో యాభై మంది ఉద్యోగులు కోవిడ్‌తో మంచం పట్టారని, అయినా పని ఆపలేదని సుచిత్ర ఎల్ల చెప్పారు. అది నిజమే అయి ఉంటుంది. అసలు కారణం ఇంకోచోట ఉంది. ఒక బ్యాచ్ మొదలుపెట్టిన రోజు నుంచి పరీక్షలన్నీ దాటి జనానికి అందేసరికి నూట ఇరవై రోజులు పడుతుందని మే చివర్లో కంపెనీయే ప్రకటించింది. బతికున్న వైరస్‌ను పెంచాలి కాబట్టి అత్యంత భద్రత ఉన్న ల్యాబులే కావాలి, అవి రాత్రికి రాత్రి లేవవు. మేలో సూది పడాలంటే జనవరిలో పెద్దఎత్తున మందు పెట్టాలి. జనవరిలో కేంద్రం కోవాగ్జిన్‌కు ఇచ్చిన ఆర్డర్ యాభై ఐదు లక్షల డోసులు. నూట ముప్పై కోట్ల దేశానికి! పదిహేను వందల కోట్ల పైచిలుకు అడ్వాన్సు మంజూరైంది ఏప్రిల్ మూడో వారంలో, శ్మశానాల ముందు వరుసలు కట్టాక.

నన్నడిగితే ఈ విషాదం మొత్తం ఇక్కడే ఉంది. తొందర కాగితం మీద పడింది, సీసా మీద పడలేదు. అమెరికా వాళ్లు దీన్ని తిరగేసి చేశారు. 2020 జులైలోనే, ఫలితం తెలియకముందే, ఫైజర్‌తో పది కోట్ల డోసులకు దాదాపు రెండు వందల కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకున్నారు. అనుమతి వచ్చి డోసులు అందాకే డబ్బు అన్నది షరతు, ఆర్డర్ మాత్రం ముందే ఖాయం. అనుమతి దగ్గర మాత్రం ఆగారు. వాలంటీర్లలో సగం మందినైనా రెండో డోసు తర్వాత రెండు నెలలు గమనించాలన్నారు. డిసెంబరు 10న నిపుణుల కమిటీ చర్చను అందరూ చూసేలా ప్రసారం చేసి, ఓటు వేయించి, ఆ మర్నాడు సంతకం పెట్టారు. ఆర్డర్ దగ్గర తొందరపడ్డారు, నమ్మకం దగ్గర తొందరపడలేదు. మనం సంతకంతో తొందరపడి, డబ్బు దగ్గర ఏప్రిల్ దాకా ఆలోచించాం.

జులై 3న తుది ఫలితం వచ్చింది. జబ్బుపడినవారు మొత్తం 130 మంది. టీకా వైపు 24, ఉత్తుత్తి సూది వైపు 106. సామర్థ్యం 77.8 శాతం. తీవ్రమైన జబ్బు నుంచి కాపాడటంలో 93 శాతం పైన. నవంబరులో లాన్సెట్ అచ్చువేసింది. ఈ అంకె గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. దేశంలో టీకా మొదలైన రోజున తమకు పడింది మందో కాదో తెలియకుండానే ఆ ప్రయోగంలో వేల మంది నిలబడ్డారు. బయట అందరికీ వేస్తుంటే మేమెందుకు ఆగాలి అని లేచిపోయి ఉంటే ప్రయోగమే కూలేది. అలా అందరూ లేచిపోలేదు. జ్వరాలొచ్చి పడుకున్న ఆ నూట ఆరుగురు ఎవరో మనకు తెలియదు, తెలియకూడదు కూడా. కోవాగ్జిన్ గౌరవం ఏమైనా మిగిలిందంటే అది వాళ్లు నిలబెట్టినదే.

బయట మాత్రం దెబ్బ మీద దెబ్బ. రెండు కోట్ల డోసులు, డోసు పదిహేను డాలర్లకు కొంటామన్న బ్రెజిల్‌లో ఫ్యాక్టరీ ప్రమాణాలు సరిగా లేవని మార్చిలోనే అక్కడి నియంత్రణ సంస్థ తిప్పికొట్టింది. జూన్‌లో ఒప్పు అంది గానీ, అప్పటికి ఒప్పందమే అవినీతి ఆరోపణల్లో కూరుకుపోయి ఆ నెలాఖరుకు ఆగిపోయింది. ఒక్క డోసు వెళ్లలేదు, ఒక్క పైసా రాలేదు. అమెరికా అత్యవసర అనుమతి కుదరదు, పూర్తి దరఖాస్తుతో రమ్మంది. అమెరికా చదువులకు బయల్దేరుతున్న మా కోదాడ, మిర్యాలగూడ పిల్లల్లాంటి వాళ్లకు ఆ వేసవిలో కొత్త భయం పట్టుకుంది. కోవాగ్జిన్ వేసుకుంటే అక్కడి యూనివర్సిటీలు ఒప్పుకోవు, మళ్లీ వేరే టీకా వేసుకోమంటున్నాయి. విదేశీ చదువుల పిల్లల కోసం రాష్ట్రం హైదరాబాద్ నారాయణగూడలో ప్రత్యేకంగా కోవిషీల్డ్ వేయించింది. హైదరాబాద్‌లో తయారైన మందు హైదరాబాద్ పిల్లవాడి పాస్‌పోర్టుకు పనికిరాకపోవడం కంటే అవమానం ఇంకేం కావాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఏప్రిల్‌లో పెట్టుకున్న దరఖాస్తు నవంబరు దాకా నానింది. మరిన్ని వివరాలు, మళ్లీ మరిన్ని వివరాలు. అడ్డదారులు తొక్కలేం అని అక్టోబరులో ఆ సంస్థ ట్వీట్ చేసినప్పుడు, ఆ మాట గురి జెనీవా నుంచి జనవరి 2 మీదికే వచ్చిందని నాకనిపించింది. దీపావళికి ముందురోజు, నవంబరు 3న గుర్తింపు వచ్చింది. డిసెంబరులో హైదరాబాద్ సభలో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ, ఈ టీకాను అడ్డుకోవాలని బయటివాళ్లతో పాటు లోపలివాళ్లూ చూశారని, తెలుగువాడి గొప్పను తెలుగువాడు చెప్పుకోవాలని అన్నారు. బాధతో అన్న మాటే. ఎల్ల దంపతులకు మరుసటి నెల పద్మభూషణ్ వచ్చింది. కానీ తెలుగువాడి మందును అనుమానించినవాళ్లంతా శత్రువులు కారు. లెక్క చూపించమన్నవాడు శత్రువెలా అవుతాడు?

2022 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్యాక్టరీని తనిఖీ చేసి తయారీ ప్రమాణాల్లో లోపాలున్నాయంది. ఏప్రిల్ 2న ఐక్యరాజ్యసమితి సంస్థల ద్వారా సరఫరా ఆపింది. మందు పనిచేస్తుంది, ప్రమాదమేమీ లేదు అని కూడా చెప్పింది. ఆ రెండో వాక్యం ఎవరి చెవికీ ఎక్కలేదు. అన్ని ప్లాంట్లనూ కోవాగ్జిన్‌కే తిప్పి ఏడాదిగా పగలూ రాత్రీ నడిపాం, కావలసిన యంత్రాలు దొరకలేదు అని కంపెనీ చెప్పుకుంది. ఆ ఏడాది నవంబరులో రాజకీయ ఒత్తిడితో ప్రయోగాల్లో మెట్లు దాటేశారన్న వార్తలు వస్తే కేంద్రం ఖండించింది. అప్పటికి జబ్బూ పలచబడింది, టీకా మీద ఆసక్తీ పలచబడింది. దేశంలో మొత్తం 36 కోట్లకు పైగా సూదులుగా పడిన, పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు 2022 జనవరిలో మొదట ఇచ్చిన ఏకైక టీకాగా నిలిచిన కోవాగ్జిన్‌ను ఇక అడిగేవాళ్లు లేరు.

2022 మే 2న సుప్రీంకోర్టు టీకాల కేసులో తీర్పునిచ్చింది. అనుమతులు తొందరపాటుతో ఇచ్చారన్న వాదనను ఒప్పుకోలేదు. ఎవరినీ బలవంతపెట్టరాదంది, పిల్లలకు అనుమతించిన టీకాల ప్రయోగ ఫలితాలను ప్రజల ముందు పెట్టమంది. చట్టం లెక్కలో కోవాగ్జిన్ నిర్దోషి. రెండేళ్ల తర్వాత కాశీ హిందూ విశ్వవిద్యాలయం నుంచి దుష్ఫలితాల మీద ఒక పరిశోధన వచ్చింది. పోల్చి చూడటానికి టీకా వేసుకోని గుంపే అందులో లేదని ఐసీఎంఆర్ తప్పుపట్టింది, 2024 సెప్టెంబరులో దాన్ని అచ్చువేసిన శాస్త్ర పత్రిక వెనక్కి తీసుకుంది. శాస్త్రం లెక్కలోనూ నిర్దోషి.

2025 జులై నాటికి కర్ణాటక హాసన్ జిల్లాలో నెలరోజుల్లో ఇరవై మందికి పైగా గుండెపోటుతో చనిపోయారు. తొందరపడి టీకాలకు అనుమతివ్వడం కూడా కారణం కావచ్చని సాక్షాత్తు ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి రాశారు. పందొమ్మిది రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో, నలభై ఏడు ఆసుపత్రుల్లో చేసిన ఐసీఎంఆర్ అధ్యయనం టీకాకూ యువకుల హఠాన్మరణాలకూ సంబంధం లేదని, రెండు డోసులు వేసుకున్నవారికి ఆ ముప్పు ఇంకా తగ్గిందని 2023లోనే చెప్పింది. కర్ణాటక వేసుకున్న నిపుణుల కమిటీ కూడా అదే చెప్పింది. అయినా సూర్యాపేట బస్టాండ్ హోటల్లో ముప్పై ఐదేళ్ల కుర్రవాడి చావు వార్త వస్తే, టీ గ్లాసు దించకముందే ఎవరో ఒకరు టీకా పేరెత్తుతారు. ఏఎన్ఎంలు కాదని చెబుతూనే ఉన్నారు. గట్టిగా చెబితే ఎదురుగా వచ్చే ప్రశ్న కూడా వాళ్లకు తెలుసు.

"అంత మంచిదైతే, నాడు మా తోటి ఆ కాయితం మీద ఏమని రాయించుకున్నరమ్మా?"